ఒక దెబ్బకు ఆపు, రెండు దెబ్బలకు పోనీ

టికెట్టు తీసుకోని మనిషిని నేను మెడ వెనక నుంచి చూసి పట్టేస్తాను. ఇరవై తొమ్మిదేళ్లుగా బస్సు కండక్టరుగా చేస్తున్న పని అది. ఎవడైనా కిటికీలోంచి అదే పనిగా బయటికి చూస్తున్నాడంటే వాడి దగ్గర టికెట్టు లేదని అర్థం. ఏడేళ్ల పిల్లను ఒళ్లో ముడుచుకుని "నాలుగేండ్లే మ్మా, ఎత్తు పెరిగింది" అనే తల్లుల్ని ఎంతమందిని చూశానో. అబద్ధమంటే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటిదాన్ని, నంద్యాలలో ఒక డాక్టరమ్మ ముందు కూర్చుని రెప్ప వేయకుండా అబద్ధమాడాను.

ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. "మీ మనవరాలిని ఒక్కదాన్నే ఈయన కార్లో ఎక్కించి పంపిస్తారా అమ్మా?"

"పంపిస్తా. ఎందుకు పంపించనూ?" అన్నాను.

పక్కన కుర్చీలో మా ఆయన మీసం దువ్వుకున్నాడు. ఆ అబద్ధం ఎందుకాడానో చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

మా ఆయన డ్రైవరు. నాదీ ఆయనదీ ఒకటే డిపో. మా నాయన సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. నా మొదటి డ్యూటీ ఈయన బండి మీదే పడింది, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు. డిపోలో అందరూ పిలిచినట్టే నేనూ ఆయన్ని 'డ్రైవరన్నా' అన్నాను. ఏడాది తిరక్కముందే ఆ అన్నతోనే చర్చిలో ఉంగరాలు మార్చుకున్నాను. డిపోలో మెకానిక్కులు ఇప్పటికీ ఆ మాట ఎత్తి పళ్లికిలిస్తారు. ఇకిలించుకోనీ, నాకేం. ఆయన నాకన్నా పదకొండేళ్లు పెద్ద. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసేసరికి అంత వయసొచ్చింది. ముప్పై నాలుగేళ్లు స్టీరింగ్ పట్టి ఒక కోడిని కూడా తొక్కకుండా రిటైరయ్యాడు.

బండి నిండా జనముంటే కండక్టరు కేక డ్రైవరు దాకా పోదు. అందుకే కండక్టర్లకు విజిలిస్తారు. నాకు మొదట్లో నలుగురిలో విజిలు ఊదాలంటే సిగ్గు. ఆడపిల్ల ఈల వేస్తోందని వెనక సీట్లో కుర్రాళ్లు నవ్వేవాళ్లు. అందుకని వేలి ఉంగరంతో బండి రేకు మీద కొట్టడం మొదలుపెట్టాను. ఒక దెబ్బకు ఆపు, రెండు దెబ్బలకు పోనీ. వేరే డ్రైవర్లకు అది సరిగా వినపడేది కాదు, విసుక్కునేవాళ్లు. ఈయనకు మాత్రం పండగ రద్దీలో, మేకలు అరుస్తున్నా, పిల్లలు ఏడుస్తున్నా నా దెబ్బ వినపడేది. ఎట్లా వినపడుతుందని అడిగితే, "వినపడేదేంది మ్మే, వీపుకు తెలుస్తాది" అనేవాడు.

రిటైరయ్యాక ఒక పాత తెల్ల కారు కొన్నాడు. నాకు డ్యూటీ లేని రోజు ఇద్దరం ఆళ్లగడ్డకు పోయేవాళ్లం, కూతురి దగ్గరికి. కూతురికి నాలుగేళ్ల పాప. అల్లుడు అక్కడే రాతి శిల్పాలు చెక్కే షెడ్డులో పనిచేస్తాడు, రాతి పొడి పడి రెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉంటాయి. కార్లో నేను ముందు కూర్చోను. ముందు కూర్చుంటే నాకు పని లేనట్టుంటుంది. ఆయన వెనక సీట్లోనే కూర్చుంటాను. చూసినవాళ్లు మొగుణ్ని డ్రైవరును చేసిందని అనుకుంటారు. డ్రైవరే కదా, కొత్తగా నేను చేసిందేముంది.

మతిమరుపు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. పేర్లు పోవడం, అడిగిందే అడగడం వయసుకు ఉండేవే అనుకున్నాను. ఒకరోజు నంద్యాలలోనే బొమ్మలసత్రం దగ్గర కారు ఆపి, "ఏమ్మే, ఈడ ఎటు?" అన్నాడు. పుట్టి పెరిగిన ఊళ్లో దారి అడుగుతున్నాడు. "ఎడమకప్పా" అన్నాను మామూలుగా. ఆయన ఎడమకు తిప్పాడు. అంతే, ఆ రోజు నుంచి నేను వెనక నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ముందర ఆటో. మెల్లగా. బ్రేకర్ ఉండాది. గేరు మార్చు. రైట్, పోనీ. ఆయన ఎంత చక్కగా వినేవాడో. ఆయనకు చేతులున్నాయి, నాకు కళ్లున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. నాకు నేనే చెప్పుకోలేదు, నిజానికి.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి తిరిగి వస్తుంటే శిరివెళ్ల మెట్ట దగ్గర నా చేతిలోంచి పాప ఇచ్చిన జామకాయ జారి సీటు కిందికి దొర్లింది. తీసుకుందామని వంగాను. ఎంతసేపు, మూడు నాలుగు క్షణాలు. తలెత్తేసరికి కారు డివైడరు సందులోంచి దాటి రోడ్డుకు ఆ పక్క పోతోంది, ఎదురొచ్చే బండ్లు పోయే పక్క. వడ్ల లారీ ఒకటి లైట్లు వేసుకుంటూ వస్తోంది. "ఆపు" అని తలుపు రేకు మీద ఒక్కటి కొట్టాను. ఆయన ఆపాడు. కారు డివైడరుకు ఆనుకుని రాసుకుపోయింది, లారీవాడు నోటికొచ్చినట్టు తిట్టి పక్కనుంచి పోయాడు. నేను గుడ్లనీరు కుక్కుకుని కూర్చున్నాను. ఆయన తిరిగి చూసి, "ఎవరన్నా దిగాల్నా?" అని అడిగాడు.

కారు మీద పడ్డ ఆ గీత చూసే అల్లుడు పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. కూతురికి రెండో కాన్పు, నెలలు నిండేదాకా మంచం దిగొద్దన్నారు. పాప స్కూలు ఊరి బయట, పెద్ద రోడ్డు మీద ఉంది. అల్లుడు పొద్దున్నే షెడ్డుకు పోవాలి, నాకు డ్యూటీ. "డాక్టరు సరే అంటే మామ వచ్చి ఈడే ఉంటాడత్తా, పాపను ఆయనే దింపుతాడు. కాదంటే వేరే ఏదన్నా చూసుకుందాం" అన్నాడు అల్లుడు. మా ఆయన ఆ మాట విన్నప్పటి నుంచి చిన్నపిల్లాడైపోయాడు. రిటైరైన తరువాత ఆయన్ని ఎవరన్నా ఒక పనికి పిలవడం అదే మొదలు. పాప కోసం వెనక సీటుకు కొత్త గుడ్డ కుట్టించాడు. ఆ గుడ్డ చూశాకే డాక్టరమ్మ ముందు నా నోరు అబద్ధమాడింది.

డాక్టరమ్మ మంచి మనిషి. గడియారం బొమ్మ గీసి అంకెలు వేయమంది. ఆయన గుండ్రంగా, అందంగా గీశాడు. పన్నెండు అంకెలూ కుడి పక్కనే వరుసగా ఇరికించాడు. ఎడమ సగం ఖాళీ. డాక్టరమ్మ దాన్ని చూస్తుంటే ఆయనకు ఏదో తేడాగా ఉన్నట్టు తెలిసింది. "ఈ పక్క లేడీస్‌కు వదిలిపెట్టినామ్మా" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నూరులోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే రెండుసార్లు తీసి ఆగిపోయాడు. రోడ్డు గుర్తుల బొమ్మలు చూపిస్తే మాత్రం ఒక్కటి తప్పలేదు.

"కాగితం మీద తప్పారని బండి మానెయ్యమని చెప్పలేనమ్మా" అందామె నాతో. "కొందరు ఇక్కడ తప్పుతారు, రోడ్డు మీద బాగానే నడుపుతారు. పక్కన తెలిసినవాళ్లు కూర్చుని, నడిపించి చూడాలి. రెండు వైపులా బ్రేకులున్న కారైతే మంచిది. మీరు ఇంట్లో చూసేది కూడా నాకు ముఖ్యం." ఆ తరువాతే మనవరాలి ప్రశ్న అడిగింది. నేను చెప్పిన జవాబు ఆమె కాగితం మీద రాసుకుంది.

రెండు బ్రేకుల కారు డ్రైవింగ్ స్కూలు భాయ్ దగ్గర ఉంది. ఆ భాయ్ చిన్నప్పుడు మా ఆయన బస్సులోనే చదువుకోవడానికి పోయేవాడు. సంగతి చెబితే నొచ్చుకున్నాడు. "అన్నకు నేను పరీక్ష పెట్టేదేంది వదినా, ఆయన పెట్టాల నాకు" అన్నాడు. అయినా డాక్టరు చీటీ చదివి జేబులో పెట్టుకున్నాడు. మా ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూసి, వెనక తలుపు తీసి నా వైపు చూశాడు.

"వదిన ఎందుకన్నా? మనిద్దరం పోదాం" అన్నాడు భాయ్.

"ఆమె ఎక్కకుంటే నేను బండి తియ్యను" అన్నాడాయన.

భాయ్‌కి అది ముద్దుగా అనిపించింది. "సరే ఎక్కు వదినా. కానీ నోరు తెరవగూడదు, ముందే చెప్తాండా."

నేను నోరు తెరవలేదు. ప్రమాణం చేసి చెబుతాను, బయలుదేరినప్పటి నుంచి దిగేదాకా ఒక్క మాట అనలేదు. నూనెపల్లె దాటుతుండగా ముందు పోతున్న ఆటో ఎవరో చెయ్యెత్తితే ఉన్నచోటనే ఆగింది. ఆయన కాలు కదల్లేదు. నా చెయ్యి తలుపు మీద ఉంది. ఉంగరం రేకుకు ఒకసారి తగిలింది. ఆయన ఆపాడు, ఎంత మెత్తగా ఆపాడంటే భాయ్ సీట్లో ముందుకు ఊగలేదు. "శభాష్ అన్నా" అన్నాడు భాయ్. ఆటో కదిలింది. నేను రెండుసార్లు కొట్టాను. మొదటిది చెయ్యి చేసిన పని. రెండోది మాత్రం నేను చేసిన పనే.

అక్కడి నుంచి ఇక ఆగలేదు. గేదెలు అడ్డమొస్తే ఒకటి, పోయాక రెండు. అయ్యలూరు మెట్ట దాకా పోయి వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. వీధిలో హారన్ల మోత, దాంట్లో ఉంగరం చప్పుడు ఎవరికి వినపడుతుంది. అద్దంలో ఆయన కళ్లు ఒకటి రెండుసార్లు నా వైపు చూశాయి, నిశ్చింతగా. దిగాక భాయ్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఈయనకు జబ్బంటారేంది? నా దగ్గర నేర్చుకునేటోళ్లల్ల ఇట్ల ఒక్కడు నడిపితే సాలు" అన్నాడు.

ఆయన నన్ను ఉగ్గాని, బజ్జీ తినడానికి తీసుకుపోయాడు. మిరపకాయ బజ్జీ విరిచి కారం లేని ముక్క నాకు పెట్టాడు, కొత్తగా పెళ్లయినప్పుడు పెట్టినట్టు. ఫోన్లో కూతురు ఏడ్చింది సంతోషంతో. "నాయన బాగుండాడు కదమ్మా, నేనే అనవసరంగా భయపడినా" అంది. బుధవారం నుంచి వచ్చెయ్యమన్నాడు అల్లుడు. నేను ఉగ్గాని ప్లేటు పక్కకు జరిపాను.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని పాస్టరు గారు అడగడం మామూలే. జ్వరం తగ్గినవాళ్లు, పిల్లలకు ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి చెబుతారు. మా ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి లేవలేదు. నలుగురి ముందు మాట్లాడటం ఆయన వల్ల కాదు. ఆ రోజు లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాకు మతి పోతాందన్నారు. డాక్టరు కాడికి పంపినారు. ప్రభువు నా చేతులకు బలమిచ్చినాడు. బుధవారం నుంచి నా మనవరాలిని ఇస్కూలుకు నేనే తోలకపోతాండా" అన్నాడు.

అందరూ స్తోత్రమన్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నేను తల దించుకున్నాను. పక్కనున్నామె నేను కృతజ్ఞతతో ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నాకు పాప కనపడుతోంది. కొత్త గుడ్డ కుట్టించిన వెనక సీట్లో, నేను కూర్చునే చోట, కాళ్లు ఊపుకుంటూ. ముందర ఆటో ఆగితే దానికి ఏం తెలుస్తుంది. తెలిసినా ఆ పిడికిలితో ఏం కొడుతుంది. ఆయన ఆ రోజు దేవుడికి కట్టబెట్టిన బలమంతా నా వేలి ఉంగరానిది. ఈయనకు నేను చేసింది ప్రేమో, ద్రోహమో ఆ చాప మీద కూర్చుంటే తేలిపోయింది. ఇంటికి వచ్చి కూర వండాను గానీ ఉప్పు వేశానో లేదో నాకు తెలియదు, ఆయన కూడా ఏమీ అనలేదు.

సోమవారం నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే భాయ్ దగ్గరికి పోయాను. నిలబడే చెప్పాను.

"భాయ్, ఆ పొద్దు బండి నడిపింది ఆయన కాదు. నేను కొట్టినా."

"ఏం కొట్టినావు వదినా?"

తలుపు రేకు మీద ఉంగరంతో కొట్టి చూపించాను. మొదట నవ్వాడు. మొగుడూ పెళ్లాలకు ఒకరి సంగతి ఒకరికి ఎంత బాగా తెలుసో చూడు అన్నట్టు నవ్వాడు. తరువాత ఆ రోజు ఆయన ఎక్కడెక్కడ ఆపాడో ఒకటొకటే గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు, నవ్వు తగ్గిపోయింది. "పాప ఉంటాది కదా బండిలో" అన్నాడు మెల్లగా. "ఉంటాది" అన్నాను. "రేపు తీసుకరా. నువ్వు ఎక్కొద్దు" అన్నాడు.

మంగళవారం మా ఆయన్ని తీసుకుపోయాను. ఇంకోసారి చూడాలంటున్నారంటే ఆయనకు కోపం రాలేదు. "దానికేముంది, ఇంకో ట్రిప్పు" అన్నాడు. మళ్లీ టైర్లు తన్నాడు, మళ్లీ వెనక తలుపు తీశాడు.

"నేను రాను. మీరిద్దరూ పోయిరాండి" అన్నాను.

"ఎందుకు రావు?"

"నా పని అయిపోయిందిలే. నువ్వు పో."

ఆయన వెనక తలుపు చప్పుడు కాకుండా మూసి ముందుకు పోయి కూర్చున్నాడు. కారు సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఆయన బండి నేను లేకుండా పోవడం ఎన్నోసార్లు చూశాను, డ్యూటీలు వేరే పడినప్పుడు. ఎప్పుడూ భయమనిపించలేదు. ఆ రోజు బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేద్దామంటే ఏమని అడగాలో తెలియలేదు. బాగా నడపాలని అడగనా, నడపలేకపోవాలని అడగనా. రెండూ అడగలేక ఊరికే కూర్చున్నాను.

అర్ధగంట కాకముందే వచ్చారు. స్టీరింగ్ దగ్గర భాయ్ ఉన్నాడు. మా ఆయన ఎడమ సీట్లో, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని. దిగి నా దగ్గరికి రాలేదు, నీళ్ల కుండ దగ్గరికి పోయి గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. భాయ్ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు.

రైలు గేటు దగ్గర బాగానే ఆపాడట. గేటు లేచింది. ముందు బండ్లన్నీ పోయాయి, వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఈయన కదల్లేదట. అద్దంలో వెనక సీటు చూస్తూ కూర్చున్నాడట. పో అన్నా అంటే, "ఇంకా కొట్టలేదు" అన్నాడట. భాయ్ పొమ్మని చెప్పి పోనిస్తే, ఆ తరువాత సైకిలు మీద ఒక ముసలాయన అడ్డమొచ్చాడు. ఈయన చూశాడు. చూస్తూనే మీదికి పోయాడు. భాయ్ తన వైపు బ్రేకు తొక్కాడు.

"చూపు బాగుంది వదినా. చెయ్యి బాగుంది. చూసింది చేతికి అందుతల్లేదు. మధ్యలో అది నువ్వు అందిస్తాండావు" అన్నాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే పోయి మొదటి రోజు చెప్పిన జవాబు కొట్టేయమన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. వెనక కూర్చున్నవాళ్లు చెబుతుంటే నడిపేవాళ్లు చాలామంది ఉంటారని, ఇంటివాళ్లు అది గుర్తుపట్టరని చెప్పింది. ఇక బండి ముట్టకూడదంది. అప్పుడప్పుడు పోయే ఊళ్లకు, దగ్గర దారులకు కూడా వద్దంది. ఆయనకు ఎవరు చెబుతారని అడిగితే, నేనే చెబుతానన్నాను.

కూతురికి ఫోన్ చేస్తే అది ఇంకో ఉపాయం చెప్పింది. "బండి రిపేరుకిచ్చినామని చెప్పమ్మా. నాయన మర్చిపోతాడు. నిజం చెప్తే తట్టుకోలేడు." అల్లుడు ఇంకా నయం, బ్యాటరీ తీగ పీకేస్తే సరిపోతుందన్నాడు. వాళ్లది కూడా ప్రేమే, కాదనను. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. "ఆయన కోసం ఆడిన అబద్ధం సాలు, దాంతోనే నీ బిడ్డ ఆ సీట్లో కూర్చునేది. ఇంక ఆడను" అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం ఆయన పాప దగ్గరికి పోవడానికి సంచి సర్దుతున్నాడు, మరుసటి రోజు బుధవారం కదా. రెండు చొక్కాలు, దువ్వెన, బిస్కెట్ల పొట్లం. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు ఇంక బండి నడపగూడదప్పా" అన్నాను.

చొక్కా మడత పెడుతూనే ఉన్నాడు. "ఎవరన్నారు?"

"డాక్టరమ్మ."

"ఆమెకెట్ల తెలుసు? నేను బాగా నడిపినా కదా. భాయ్ చెప్పినాడు."

"మొదటిసారి నేను కొట్టినా, నువ్వు నడిపినావు. నేను లేకపోతే నీకు రాలేదు. ఆ సంగతి నేనే పోయి చెప్పినా."

చొక్కా కింద పెట్టాడు. "నువ్వు చెప్పినావా?"

"నేనే చెప్పినా."

తిడతాడనుకున్నాను. తిడితే పడదామని కూర్చున్నాను. పెళ్లయినప్పటి నుంచి నా మీద చెయ్యెత్తని మనిషి, ఆ రోజు ఎత్తినా ఏమీ అననని అనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. బయట పాలవాడు వచ్చి పిలిచి పోయాడు.

"నాకు భయమైతాండె మ్మే" అన్నాడు చివరికి. "స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా. రోడ్డంతా ఒకేసారి మీదికొస్తాంది. ఎవరికన్నా చెప్పాలంటే సిగ్గయితాంది. ముప్పై నాలుగేండ్లు నడిపినోణ్ని, భయమైతాందని ఎట్ల చెప్పేది? నువ్వు కొడ్తాండావు కదా అని నడుపుతాంటి."

నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. ఆయన భయాన్ని ఆయన మీదే తోసి, వెనక నుంచి కొట్టి కొట్టి తోలాను. ఎన్ని నెలలు. ఆయన తల నా భుజం మీద ఆనించుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయనే నన్ను ఊరుకోబెట్టాడు. "మంచి పని చేసినావు. నేను చెప్పలేకపోతి, నువ్వు చెప్పినావు" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం బాగా నిద్రపోయాం.

పాపకు స్కూలు ఆటో కుదిర్చారు. కారును అల్లుడు తీసుకుపోయాడు. కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది.

మరునాడు పొద్దున లేచి ఆయన ముఖం కడుక్కుని, "తాళం యాడ పెట్టినావు? పాపకు టైమైతాంది" అన్నాడు. రాత్రి మాటల్లో ఒక్కటి కూడా ఆయన దగ్గర మిగల్లేదు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఆయన ఏడవలేదు. "నా మీద చాడీలు చెప్పినావా? ఎన్నాళ్ల నుంచి చూస్తాండావు నన్ను దింపాలని?" అన్నాడు. అంత మాట ఆయన నోటి నుంచి ఎప్పుడూ వినలేదు. ఆ రోజు అన్నం కూడా తినలేదు. మరునాడు మళ్లీ తాళం అడిగాడు. మళ్లీ చెప్పాను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది, అడగని రోజు లేదు. కొన్ని రోజులు తిడతాడు. కొన్ని రోజులు చేతుల వైపు చూసుకుంటాడు. నేనే చెప్పానని విన్న ప్రతిసారీ ఆయనకు అది కొత్తే. నాకు మాత్రం ప్రతి రోజూ అదే ఇంకోసారి.

అబద్ధం చెబితే ఇద్దరికీ సుఖం కదమ్మా అని కూతురు ఇప్పటికీ అంటుంది. దాని మాటలోనూ న్యాయముంది. కానీ ఆ సాయంత్రం నేల మీద కూర్చుని భయమైతాందని చెప్పిన మనిషి ఒకడున్నాడు. ఆయన చెప్పిన సంగతి ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు, ఆయనకు కూడా తెలియదు. రిపేరుకిచ్చామని చెబితే ఆ మనిషి లేనట్టే అవుతుంది. అందుకే తిట్టడం అయిపోయాక, ఆయన పక్కన కూర్చుని, "నీకు భయమైతాందని నువ్వే చెప్పినావప్పా. నేను విన్నా" అంటాను. నమ్మడు. నమ్మకపోయినా చెబుతాను.

ఈ రోజు పొద్దున కూడా అడిగాడు. చెప్పాను. తిట్టలేదు. యూనిఫాం వేసుకుని నిలబడ్డ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వు యాడికి పోతాండావు?"

యాడికీ పోనులే అనాలనిపించింది. నోటి దాకా వచ్చింది. "డ్యూటీకి పోతాండా. నాలుగింటికి వస్తా. అందాకా పక్కింట్ల నీ చెల్లెలు చూసుకుంటాది" అన్నాను.

"భయమైతాంది" అన్నాడు.

ఎనిమిది నెలల తరువాత ఆ మాట. బండి గురించి కాదని ఇద్దరికీ తెలుసు. నేను సంచి కింద పెట్టి కూర్చున్నాను. ఆయన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, "నాకు కూడా" అన్నాను.